కాలిఫోర్నియా ఇంపీరియల్ కౌంటీ (మెక్సికో సరిహద్దు) – ఎల్ సెంట్రోలో మూడేళ్ళు ఉండాల్సి వస్తే?

గుంటూరు_మిర్చి
అందరికీ నమస్కారం. మా ఆవిడ డాక్టరు, రెసిడెన్సీ అయిపోవస్తోంది. జే-1 వెయివర్ (శిక్షణ వీసా మీద వచ్చినవాళ్ళకి షరతు మినహాయింపు) కింద ఇంపీరియల్ కౌంటీలో ఎల్ సెంట్రో అనే ఊళ్ళో ఆఫర్ వచ్చింది. డాక్టర్లు చాలని చోట మూడేళ్ళు చేస్తే, ఇండియా వెళ్ళి రెండేళ్ళు ఉండాలనే షరతు పోతుంది కదా, అందుకని ఒప్పుకుందామనే ఉంది. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, పాపకి ఐదేళ్ళు. మ్యాప్‌లో చూస్తే చుట్టూ ఎడారి, మధ్యలో పచ్చగా గళ్ళు గళ్ళుగా పొలాలు, కింద మెక్సికో. ఇళ్ళ రేట్లు, స్కూల్ రేటింగులు నెట్‌లో చూశాను. నాకు కావాల్సింది అది కాదు. ఆ ఊరు దేని మీద బతుకుతోంది, ఎవరుంటారు, సరిహద్దు పక్కన రోజులు ఎలా గడుస్తాయి, తెలిసినవాళ్ళు చెప్పండి.

కాలవగట్టు
నేను శాన్ డియాగోలో ఉంటాను, నీటి ప్రాజెక్టుల్లో పని, ఆ వైపు తరచుగా వెళ్తుంటాను. ముందు భూగోళం చెప్తాను, అది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కాలిఫోర్నియాకి ఆగ్నేయ మూల అది. దక్షిణాన మెక్సికో, తూర్పున కొలరాడో నది, అవతల అరిజోనా. 1907లో శాన్ డియాగో కౌంటీ నుంచి విడదీశారు, రాష్ట్రంలోని 58 కౌంటీల్లో చివర పుట్టింది ఇదే. ఎల్ సెంట్రో సముద్రమట్టానికి 40 అడుగుల పైచిలుకు కింద ఉంటుంది. ఉత్తరాన కాలిపాట్రియా అయితే 180 అడుగులు కింద, అక్కడ 184 అడుగుల జెండా కర్ర పాతి, జెండా మాత్రం సముద్రమట్టానికి పైన ఎగిరేలా చేసుకున్నారు. ఏడాదికి వాన మూడు అంగుళాలు కూడా పడదు. ఎండాకాలం 45 డిగ్రీలు మామూలు సంగతి.

మరి ఆ పచ్చదనం ఎక్కడిది అంటే, మొత్తం కొలరాడో నీళ్ళే. ఆల్ అమెరికన్ కెనాల్ అని 80 మైళ్ళ కాలవ, 1930ల్లో తవ్వారు, 1940లో నీళ్ళొచ్చాయి. అంతకుముందు కాలవ మెక్సికో భూభాగంలోంచి తిరిగి వచ్చేది, ఆ ఇబ్బంది లేకుండా పూర్తిగా అమెరికా గడ్డ మీదే తవ్వారు కాబట్టి ఆ పేరు. నది ఎత్తున, పొలాలు పల్లాన, అందుకని పంపు అవసరం లేకుండా నీళ్ళు వాలుకి పారుతూ వస్తాయి.

మన లెక్కలో చెప్తే బాగా అర్థమవుతుంది. ఇంపీరియల్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ (అక్కడ అందరూ ఐఐడీ అంటారు) హక్కు ఏడాదికి 31 లక్షల ఎకరా అడుగులు (ఎకరం మీద అడుగు లోతు నిలిచే నీళ్ళు ఒక ఎకరా అడుగు), అంటే దాదాపు 135 టీఎంసీలు. నాగార్జునసాగర్ కుడి కాలవకి కేటాయింపు 132 టీఎంసీలు. మన కుడి కాలవ కింద ఆయకట్టు 11 లక్షల ఎకరాల పైమాటే, అక్కడ సాగు ఐదు లక్షల ఎకరాల లోపే. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం మొత్తం వాటాకి ఇది పది రెట్లు.

పాలమూరు_బిడ్డ
కాలవగట్టు అన్నా, సగం ఆయకట్టుకి అన్ని నీళ్ళా? మాకు కాలవ చివరి భూములకి ఒక్క తడి అందాలంటే ధర్నాలు చెయ్యాల్సొచ్చేది. ఏం పండిస్తారు అన్ని నీళ్ళతో?

కాలవగట్టు
@పాలమూరు_బిడ్డ అక్కడ భూమి ఖాళీగా ఉండదు తమ్ముడూ, ఏడాది పొడుగునా పంటే. చలికాలంలో లెట్యూస్, బ్రకోలి, క్యారెట్, ఉల్లి. డిసెంబరు నుంచి మార్చి దాకా దేశంలో మిగతాచోట్ల మంచో చలో ఉంటుంది కదా, అప్పుడు న్యూయార్క్‌లో సాలడ్ తిన్నా అది ఇంపీరియల్ నుంచో, నది అవతల యూమా నుంచో వచ్చి ఉంటుంది. కానీ నీళ్ళు ఎక్కువ తాగేది కూరగాయలు కాదు, అల్ఫాల్ఫా. మన పాడి రైతులకి లూసర్న్ గడ్డిగా తెలుసు. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి కోస్తూనే ఉంటారు, మండుటెండలో కూడా పెరుగుతుంది, దానికి తగ్గట్టే తాగుతుంది. కొంత స్థానిక పశువుల ఫారాలకి, కొంత కట్టలు కట్టి ఓడల్లో ఆసియా దేశాలకి పోతుంది. మొత్తం వ్యవసాయం విలువ ఏడాదికి రెండు బిలియన్ డాలర్లు దాటుతుంది.

రైతు నీటికి కట్టేది ఎకరా అడుగుకి 20 డాలర్లు. దీనిమీద తీర ప్రాంత నగరాలవాళ్ళకి ఎప్పుడూ కోపమే.

లంకపొలం
ఆ కోపం నాకు న్యాయంగా అనిపించదు. ఆ రైతుల హక్కు నగరాల కంటే పాతది. పడమటి రాష్ట్రాల్లో నీటి చట్టం ప్రకారం ముందు ఎవరు వాడకం మొదలుపెట్టారో వాళ్ళదే ముందు హక్కు, వీళ్ళు 1901 నుంచి వాడుతున్నారు. శాన్ డియాగో పెద్ద ఊరు అయ్యాక వచ్చి "గడ్డికి నీళ్ళెందుకు" అంటే ఎలా? 2003 ఒప్పందంలో ఏటా రెండు లక్షల ఎకరా అడుగుల దాకా శాన్ డియాగోకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు కూడా. మా నాన్న ఇప్పటికీ కౌలు చేస్తున్నారు, కాలవ నీళ్ళు ఊరికే వస్తున్నాయనే మాట ఎప్పుడూ పొలంలో దిగనివాళ్ళ నోట్లోంచే వస్తుంది.

కాలవగట్టు
హక్కు ఉంది, కాదనను. కానీ ఆ 2003 ఒప్పందం తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, గుంటూరు_మిర్చి గారికి పాప ఉంది కాబట్టి ఇది ముఖ్యం.

కౌంటీ ఉత్తరాన సాల్టన్ సీ అని పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. 1905లో కొలరాడోకి వరదొచ్చి, కాలవ కోసం గట్టుకి కొట్టిన గండి తెగి, నది నదంతా ఆ పల్లంలోకి మళ్ళిపోయింది. 1907 ఫిబ్రవరిలో రైల్వే కంపెనీవాళ్ళు రాళ్ళు పోసి పూడ్చేదాకా పారుతూనే ఉంది. అప్పటి నుంచి సరస్సుని బతికించింది పొలాల్లోంచి కారే మురుగునీరే, బయటికి పోయే దారి లేదు కాబట్టి ఉప్పు ఏటేటా పెరిగి సముద్రం కంటే ఎక్కువైంది. రైతులు పొదుపు చేసి నీళ్ళు నగరానికి పంపితే, పొలం నుంచి కారేది తగ్గుతుంది, సరస్సు ఎండుతుంది. సరస్సుకి విడిగా వదిలిన నీళ్ళు కూడా 2017 చివరికి ఆపేశారు. గట్టు వెనక్కి జరిగినచోట బయటపడ్డ బురద ఎండి, ఎరువులు, పురుగుమందుల అవశేషాలతో సహా గాలికి లేస్తుంది. పిల్లల్లో ఆస్తమా ఆ కౌంటీలో రాష్ట్రం సగటు కంటే చాలా ఎక్కువ. దానికి తోడు పొలాలు కాల్చే పొగ, ఎడారి దుమ్ము, సరిహద్దు అవతలి మెక్సికాలీ నగరపు ఫ్యాక్టరీల, వాహనాల గాలి. పాపకి ఊపిరి సమస్యలు ఏమాత్రం ఉన్నా ముందు పిల్లల డాక్టరుతో మాట్లాడండి. లేకపోతే ఇంట్లో మంచి ఫిల్టరు, బయట గాలి నాణ్యత చూసుకుని ఆటలకి పంపడం, ఇవి అలవాటు చేసుకోవాలి.

నీళ్ళు పొదుపు చేస్తే మెచ్చుకునేది వేరేచోట, ఆ దుమ్ము పీల్చేది సరస్సు దగ్గరి ఊళ్ళు నైలాండ్, కాలిపాట్రియా, వెస్ట్‌మోర్లాండ్ పిల్లలు. నా అభ్యంతరం అక్కడ.

ఎడారి_ఇల్లాలు
నేను ఆ కౌంటీలోనే ఉంటున్నాను, బడిలో పని. కాలవగట్టు గారు దుమ్ము గురించి చెప్పింది అక్షరాలా నిజం, గాలి బాగాలేని రోజు బడిబయట రంగు జెండా మార్చి పిల్లల్ని లోపలే ఉంచే బడులు ఉన్నాయి.

మనుషుల గురించి నేను చెప్తాను. 2020 లెక్కల్లో కౌంటీ జనాభా సుమారు 1,80,000. అందులో 85 శాతం దాకా మెక్సికన్ మూలాలవాళ్ళు. సరిహద్దు అవతల మెక్సికాలీ, చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి పది లక్షలు దాటిన నగరం, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని. మన వైపు కాలెక్సికో 38 వేల ఊరు. కంచె లేకపోతే అదంతా ఒకే ఊరు అనుకోవాలి. తాతలు అటు, మనవలు ఇటు. పెళ్ళి అటు, ఉద్యోగం ఇటు. పళ్ళ డాక్టరు అటు, బడి ఇటు. కాలెక్సికో షాపుల్లో కొనేది ఎక్కువ అవతలివాళ్ళే, పెసో విలువ పడిపోయినప్పుడల్లా ఇక్కడ షాపులు మూతపడతాయి. 2020లో కరోనాకి సరిహద్దు అనవసర ప్రయాణాలకి మూసినప్పుడు ఆ ప్రధాన వీధి ఎంత బోసిపోయిందో చూశాను.

స్పానిష్ నేర్చుకోండి. ఇంగ్లిష్‌తో గడుస్తుంది, కానీ మీ ఆవిడ పేషెంట్లలో ఎక్కువమంది పెద్దవాళ్ళు స్పానిష్‌లోనే నొప్పి చెప్పుకుంటారు.

ఇంకోటి, ఒకే ఇంట్లో ఒకరు లెట్యూస్ కోస్తారు, ఇంకొకరు బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు కాపలా దళం) యూనిఫాం వేసుకుంటారు. రెండు రాష్ట్ర జైళ్ళున్నాయి (కాలిపాట్రియా, సెంటినెలా), నేవీ ఎయిర్ స్టేషన్ ఉంది, చదువుకున్న కుర్రాళ్ళకి స్థిరమైన జీతం అంటే ఇవే. చలికాలంలో నేవీ బ్లూ ఏంజెల్స్ విమానాలు ఇక్కడే సాధన చేస్తాయి, పాపకి బాగా నచ్చుతుంది.

పాలమూరు_బిడ్డ
లెట్యూస్ కోసేవాళ్ళ గురించి ఎవరైనా చెప్పండి. రెండు బిలియన్ల పంట పండే కౌంటీలో నిరుద్యోగం దేశంలోనే అందరికంటే ఎక్కువుండే చోట్లలో ఒకటని చదివాను. ఇదెట్ల సాధ్యం?

ఎడారి_ఇల్లాలు
చాలాసార్లు 15, 20 శాతం మధ్య ఉంటుంది, నిజమే. పంట పని ఐదారు నెలలే, ఎండాకాలం కూరగాయలు ఉండవు, అప్పుడు ముఠాలు ఉత్తరాన సాలినాస్ లోయ వైపు పోతాయి. వెళ్ళలేనివాళ్ళు నిరుద్యోగ భృతికి రాసుకుంటారు.

ఇక కోత కాలంలో కాలెక్సికో దిగువ వీధిని తెల్లవారుజామున చూడాలి. అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటలకే అవతలి నుంచి వేలమంది నడిచి వస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, పౌరులు, కాగితాలన్నీ ఉన్నవాళ్ళే, ఇటువైపు అద్దె కట్టలేక మెక్సికాలీలో ఉంటారు. క్యూలో ఎంతసేపు నిలబడాలో తెలీదు కాబట్టి ముందే వస్తారు, తర్వాత డోనట్ కొట్టు ముందు కూర్చుని మేస్త్రీ బస్సు కోసం చూస్తారు. పని మొదలయ్యేది మంచు కరిగాక, అంటే ఏడెనిమిదికి. ఆ మధ్య గంటలకి జీతం లేదు. చాలామంది వయసు యాభై దాటినవాళ్ళు.

ఎందుకొస్తారంటే, 2024లో అవతల సరిహద్దు జోన్‌లో కనీస వేతనం రోజుకి 375 పెసోలు, ఇక్కడ గంటకి 16 డాలర్లు. అక్కడి రోజు కూలి ఇక్కడ గంటన్నర పని.

పాలమూరు_బిడ్డ
మా దిక్కు గుంపు మేస్త్రీ కింద బొంబాయి, పూణె పోయిన తరం మా తాతలది. అడ్వాన్సు ఇచ్చి తీస్కపోయేటోళ్ళు, ఎన్ని గంటలైనా లెక్క లేదు. ఇది చదువుతుంటే అదే యాదికొచ్చింది. ఇక్కడ సంఘం ఏం లేదా?

లంకపొలం
ఉంది. 1979లో వ్యవసాయ కార్మిక నాయకుడు సీజర్ చావెజ్ యూనియన్ ఈ లోయలోనే పెద్ద లెట్యూస్ సమ్మె చేసింది, ఆ సమ్మెలో రుఫీనో కాంత్రెరాస్ అనే కార్మికుడు పొలంలో కాల్పులకి చనిపోయాడు. ఇప్పుడు యూనియన్ బలం తగ్గింది. కానీ చట్టాలు మిగిలాయి. ఎండలో పనిచేసేవాళ్ళకి నీడ, నీళ్ళు, విరామం తప్పనిసరి అనే నియమం దేశంలో మొదట 2005లో కాలిఫోర్నియాలోనే వచ్చింది.

అమరావతి_అక్క
ఈ థ్రెడ్‌లో ఇంతవరకూ ఎవరూ దలీప్ సింగ్ సౌంద్ పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి ఆసియా మనిషి, మొదటి భారతీయుడు, ఈ కౌంటీ రైతే!

1920లో పంజాబ్ నుంచి వచ్చాడు, బర్క్‌లీలో గణితంలో పీహెచ్‌డీ చేశాడు. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం భారతీయుడికి ఇచ్చేవాళ్ళు లేరు. ఇంపీరియల్ లోయకి వచ్చి పత్తి ఏరే ముఠాకి మేస్త్రీగా చేశాడు, తర్వాత సొంతంగా లెట్యూస్ వేశాడు. అప్పటికే అక్కడ పంజాబీలు చాలామంది ఉన్నారు. 1913, 1920 భూమి చట్టాలు, వాటిమీద 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి పనికిరారు అనడంతో వాళ్ళకి భూమి కొనే హక్కు, కౌలు హక్కు పోయాయి. ఊరి నుంచి భార్యల్ని తెచ్చుకునే దారీ లేదు, తెల్లవాళ్ళని పెళ్ళాడే వీలూ లేదు. మెక్సికన్ అమ్మాయిల్ని చేసుకున్నారు. వంటింట్లో రొట్టె, టోర్టియా రెండూ, పిల్లలు చర్చికి, తండ్రులు గురుద్వారాకి. భూములు తెలిసినవాళ్ళ పేరు మీద, పుట్టుకతో పౌరులైన పిల్లల పేరు మీద నడిపారు.

సౌంద్ వాళ్ళందరినీ కూడగట్టి పౌరసత్వం కోసం తిరిగాడు. 1946లో చట్టం వచ్చింది, 1949లో ఆయన పౌరుడయ్యాడు. 1950లో వెస్ట్‌మోర్లాండ్ జడ్జిగా గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఏడాది కాలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్ళీ నిలబడి గెలిచాడు. 1956లో రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీల నుంచి కాంగ్రెస్‌కి వెళ్ళాడు. ఈరోజు మనం హెచ్-1బీ, గ్రీన్ కార్డు క్యూల గురించి వాపోతాం, న్యాయమే, కానీ మన పౌరసత్వపు తలుపు తెరిచినవాళ్ళు ఆ మండుటెండలో పొలం దున్నినవాళ్ళే. మిర్చి గారూ, వెళ్తే పాపకి ఆయన కథ తప్పకుండా చెప్పండి.

స్లాబుబీమ్
సివిల్ వాళ్ళు ఎవరూ లేరా ఇక్కడ? ఎం.టెక్ స్ట్రక్చర్స్ చదివిన ప్రతి తెలుగు పిల్లాడికీ "ఎల్ సెంట్రో" తెలుసు! 1940 మే 18న వచ్చిన 6.9 భూకంపం, ఆ ఊళ్ళో యంత్రం మీద నమోదైన కదలిక. బలమైన భూకంపం ఫాల్టుకి (భూమి పొరల్లోని పగులుకి) అంత దగ్గరగా అంత పూర్తిగా రికార్డు కావడం అదే మొదలు, అందుకే ఇప్పటికీ ప్రపంచమంతా భవనాల నమూనాలకి ఆ రికార్డే పెట్టి ఊపి చూస్తారు. నా థీసిస్ కూడా దానిమీదే. ఆ రోజు ఫాల్టు దాటే చోట కొత్తగా తవ్విన ఆల్ అమెరికన్ కెనాల్ గట్లు దాదాపు 15 అడుగులు పక్కకి జరిగాయి.

1979లో 6.5 వచ్చి ఆరంతస్తుల కౌంటీ ఆఫీసు భవనం పాడైతే కూల్చేశారు. 2010 ఏప్రిల్ 4న అవతల 7.2 వచ్చింది, ఇటు కాలెక్సికోలో పాత ఇటుక భవనాలు దెబ్బతిన్నాయి. కాబట్టి అద్దెకి తీసుకుంటే ఒకంతస్తు చెక్క ఇల్లు, కొత్తది చూసుకోండి. గీజర్, బీరువాలు గోడకి పట్టీతో బిగించండి.

కరెంటు_కుర్రాడు
ఆ ఫాల్టుల పుణ్యమే భూగర్భ వేడి. సాల్టన్ సీ ఆగ్నేయ గట్టున 11 జియోథర్మల్ కేంద్రాలున్నాయి, సుమారు 400 మెగావాట్లు. లోపలి నుంచి వచ్చే మరిగే ఉప్పునీటిలో లిథియం ఉంది. 2023లో అమెరికా ఇంధన శాఖ అధ్యయనం ప్రకారం 37.5 కోట్ల కార్ల బ్యాటరీలకి సరిపడేంత ఉండొచ్చట. "లిథియం వ్యాలీ" అని అందరూ అంటున్నారు. అది మొదలైతే నిరుద్యోగం, పేదరికం అన్నీ మారిపోతాయి, మిర్చి గారు సరైన సమయంలో వెళ్తున్నారు.

ఎడారి_ఇల్లాలు
తమ్ముడూ, ఆ మాట చాలాకాలంగా వింటున్నాం. ఆ నీటిలో లిథియంతో పాటు ఇంకా చాలా లవణాలు, సిలికా, ఇనుము ఉంటాయి, గొట్టాలు పూడుకుపోతాయి, విడదీయడం కష్టం. వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి ఇంకా మొదలవలేదు. 2022లో రాష్ట్రం లిథియం మీద టన్ను చొప్పున పన్ను పెట్టింది, అందులో ఎక్కువ భాగం కౌంటీకి రావాలి, అది మంచి చట్టం. కాలేజీలో కుర్రాళ్ళకి శిక్షణ కూడా మొదలుపెట్టారు. కానీ శిక్షణ పూర్తయిన పిల్లలకి చూపించడానికి ప్లాంటు లేదు. ఈలోగా 2025లో బ్రాలీ పక్కన ఉన్న చక్కెర కర్మాగారం మూసేశారు, రాష్ట్రంలో షుగర్ బీట్ దుంపల నుంచి చక్కెర తీసేది అదొక్కటే మిగిలి ఉండేది. చేతిలో ఉన్న ఉద్యోగాలు పోతున్నాయి, రాబోయేవి వస్తూనే ఉన్నాయంటున్నారు.

గుంటూరు_మిర్చి
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. పాపకి ఆస్తమా లేదు. రెండు ప్రశ్నలు. అవతలికి వెళ్ళి రావచ్చా? ఆసుపత్రుల పరిస్థితి ఏంటి?

కాలవగట్టు
మెక్సికో విషయం: పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. స్టాంపు గడువు తీరిపోతే మాత్రం ఊరికే వెళ్ళొద్దు. 30 రోజుల్లోపు తిరిగొచ్చేవాళ్ళకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని సదుపాయం ఉంది కానీ, వెయివర్ ప్రాసెస్‌లో ఉండగా లాయర్ని అడక్కుండా సరిహద్దు దాటొద్దు. ఉత్తరానికి వెళ్ళే రోడ్ల మీద, శాన్ డియాగో వెళ్ళే ఐ-8 హైవే మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి, సరిహద్దు దాటకపోయినా ఆపి అడుగుతారు. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు కాగితం), పాస్‌పోర్టు కార్లో ఎప్పుడూ ఉండాలి, మీ అత్తమామలు వచ్చినప్పుడు వాళ్ళవీ.

శాన్ డియాగో 115 మైళ్ళు. అక్కడి మీరా మెసా పేటలో మన సరుకులన్నీ దొరుకుతాయి. దారిలో సముద్రమట్టం కింద నుంచి నాలుగు వేల అడుగులు ఎక్కాలి, ఆ ఘాట్ మీద ఎండాకాలం ఏసీ ఆపమని బోర్డులుంటాయి, నిజంగానే ఆపండి. గాలి ఎక్కువున్న రోజు పెద్ద వ్యాన్లతో వెళ్ళకండి.

ఎడారి_ఇల్లాలు
ఆసుపత్రులు రెండే, ఎల్ సెంట్రోలో ఒకటి, బ్రాలీలో ఒకటి. 2020 జూన్‌లో కోవిడ్ రేటు రాష్ట్రంలో ఇక్కడే ఎక్కువ, పడకలు చాలక పేషెంట్లని హెలికాప్టర్లలో వేరే కౌంటీలకి పంపారు. అవతల ఉండే అమెరికా పౌరులు కూడా జబ్బు చేస్తే ఇటే వస్తారు, జనాభా లెక్కలో వాళ్ళు కనపడరు, క్యాజువాల్టీలో కనపడతారు. తర్వాత ఎల్ సెంట్రో ఆసుపత్రి డబ్బు ఇబ్బందుల్లో పడింది, కౌంటీ మొత్తానికి ఒకే ఆరోగ్య జిల్లా ఉండాలని 2023లో రాష్ట్రం చట్టం చేసింది. కాబట్టి సంతకం పెట్టేముందు, యాజమాన్యం మారితే కాంట్రాక్టు, వెయివర్ ఏమవుతాయో రాతపూర్వకంగా అడగమనండి. ప్రసూతి, పిల్లల విభాగాలు, నైట్ డ్యూటీలో తోడు ఎవరుంటారు, ఇవీ అడగాలి. పెద్ద జబ్బులకి శాన్ డియాగోనే.

ఇల్లు ఇంపీరియల్ ఊళ్ళో చూడండి, ఎల్ సెంట్రోకి ఆనుకునే ఉంటుంది, కొత్త ఇళ్ళు, బడులు బాగుంటాయి. కరెంటు ఐఐడీదే, శాన్ డియాగో కంటే యూనిట్ బాగా చవక, కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏసీ ఆగదు కాబట్టి బిల్లు లెక్కలో వేసుకోండి. మేలో దిగకండి, అక్టోబరులో జాయినింగ్ దొరికితే అడగండి, మొదటి ఎండాకాలం వచ్చేలోపు మనుషులు పరిచయమవుతారు. మా ఇంటికి భోజనానికి రండి, ఈ థ్రెడ్‌లోనే మెసేజ్ పెట్టండి.